బండి మొరాయించినప్పుడు

ఈ వారం తపాలాలో ఒక సోదరి రాసిన ఉత్తరం చాలామంది పాఠకుల ఇళ్ళలోని బాధనే చెబుతున్నది. వారింట మామగారి కాలంనాటి పెట్రోలు అంబాసిడర్ వున్నది. ఉదయం తాళం తిప్పగానే లక్షణంగా స్టార్టవుతుంది. బజారుకు వెళ్ళి, రెండుచోట్ల ఆగి, ఎండలో తిరిగి వచ్చేసరికి ఏదో ఒక కూడలిలో టప్పున ఆగిపోతుంది. అరగంట పోనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తుంది. ఇప్పటికి బ్యాటరీ మార్చారు, ప్లగ్గులు మార్చారు, పెట్రోలు పంపు మార్చారు. ఇప్పుడు ఇంజను విప్పాలంటున్నారట. "విప్పించమంటారా, అమ్మెయ్యమంటారా? మామగారిని అడిగితే ఏమీ చెప్పకుండా అటు తిరిగి పడుకుంటున్నారు" అని రాశారు.

అమ్మా, రెండూ వద్దు. ముందు రోగమేమిటో తేలాలి. రోగం తేలకుండా మందులు మార్చటం వల్ల ఖర్చు పెరుగుతుందే గాని జ్వరం తగ్గదు. మీ కారుకు జరుగుతున్నది అదే. మీ ప్రశ్నకు జవాబు కింద ఇస్తాను. అయితే అది బోధపడాలంటే ముందు నాలుగు సంగతులు తెలియాలి. అవి మీకే కాదు, ఇంట్లో పాత కారు వున్న ప్రతివారికీ పనికివస్తాయి.

నేను చెప్పబోయేది కార్బొరేటరు, పాయింట్లు వున్న పెట్రోలు బళ్ళ సంగతి. అనగా పాత అంబాసిడర్లు, ఫియట్లు, 1974 నుంచి పద్మిని అన్న పేరుతో వచ్చిన బళ్ళు, స్టాండర్డ్ హెరాల్డులు. 1983 చివర వచ్చిన తొలి మారుతీలకు కూడా ఇందులో చాలాభాగం వర్తిస్తుంది. డీజిలు అంబాసిడర్ వున్నవారు బ్యాటరీ గురించిన భాగం చదువుకుంటే చాలు. పెట్రోలు ఇంజక్షనుతో, కంప్యూటరుతో నడిచే కొత్త కార్ల దారి వేరు.

ఇంజనూ ఒక పొయ్యే

వంటింట్లో గ్యాసు పొయ్యి వెలగలేదనుకోండి. కొత్త పొయ్యి కొనుక్కు రమ్మని ఎవరూ అనరు. లైటరు నిప్పురవ్వ వేస్తున్నదా, సిలిండరులో గ్యాసు వున్నదా, బర్నరు కన్నాలు పూడుకున్నాయా అని చూస్తారు. ఇంజను సంగతీ అంతే. దానికి కావలసినవి నిప్పురవ్వ, పెట్రోలు, గాలి. ఈ మూటినీ లోపలికి చేర్చటానికి మొదట ఎవరో ఒకరు దానిని తిప్పాలి. ఆ తిప్పే పని సెల్ఫుది. సెల్ఫుకు బలమిచ్చేది బ్యాటరీ.

కనుక ప్రశ్నలు నాలుగే. తిరుగుతున్నదా? రవ్వ వస్తున్నదా? పెట్రోలు వస్తున్నదా? గాలి సరైన పాళ్ళలో అందుతున్నదా? ఈ వరుస తప్పించకుండా చూస్తే కారణాలలో ఎక్కువ భాగం ఇంటి ముంగిట్లోనే దొరికిపోతాయి.

తాళం తిప్పగానే ఏం వినపడింది?

బానెట్ ఎత్తేముందు చెవి ఒగ్గండి. తాళం తిప్పితే అసలు చప్పుడే లేకపోయినా, "టక్" మని ఒక్కసారి కొట్టి వూరుకున్నా, తప్పు ఇంజనుది కాదు. హెడ్‌లైట్లు వేసి మళ్ళీ తిప్పండి. లైట్లు మసకబారిపోతే బ్యాటరీలో బలమన్నా లేదు, దాని తీగలన్నా సరిగా అంటుకుని లేవు. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ వుండి, సెల్ఫు కదలకపోతే స్విచ్చినీ, సోలినాయిడ్‌నూ, సెల్ఫునూ అనుమానించాలి.

బ్యాటరీ కొనటానికి పరుగెత్తేముందు దాని కొమ్ములు చూడండి. వాటిమీద తెల్లగానో నీలిపచ్చగానో ఉప్పు పేరుకుని వుంటే కరెంటు దాటదు. బ్యాటరీ మంచిదైనా చచ్చినట్టే కనిపిస్తుంది. వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, తుడిచి, గట్టిగా బిగించి, పైన వేసలీన్ రాయండి. కడిగిన నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి వుంచండి. విప్పేటప్పుడు బండి బాడీకి కలిపిన తీగను ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. ఆ బాడీ తీగ రెండో కొస తుప్పుపట్టి వున్నా ఇదే రోగం. చాలామంది ఆ కొసను చూడనే చూడరు.

ఇంట్లో మీటరు వుంటే మరీ మంచిది. రాత్రంతా విశ్రాంతిగా వున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపుతుంది. 12.2 కు దిగితే సగం ఖాళీ అయినట్టు. సెల్ఫు తిరిగేటప్పుడు 10 కన్న బాగా కిందికి పడిపోతుంటే దానికి వయసైపోయింది. ఇంజను కాస్త వేగంగా నడుస్తూ వుండగా 14 కు అటూయిటూగా వుండాలి. లేకపోతే దోషం డైనమోదో, ఆల్టర్నేటరుదో, వదులైన ఫాన్‌ బెల్టుదో. అప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా నాలుగు రోజులకు మళ్ళీ మొదటికే వస్తుంది.

తిరుగుతుంది, అంటుకోదు

సెల్ఫు చురుగ్గా తిప్పుతున్నా ఇంజను అందుకోకపోతే రవ్వ, పెట్రోలు, ఈ రెంటిలో ఒకటి లేదు. ముక్కుకు పని చెప్పండి. ఘాటుగా పెట్రోలు వాసన వేస్తుంటే పెట్రోలు ఎక్కువై ఇంజను మునిగిందన్నమాట. చోకు పూర్తిగా లోపలికి నెట్టి, కొద్ది నిమిషాలు ఆగి, ఆక్సిలరేటరు నేలకు తొక్కిపట్టి వుంచి తిప్పండి. పదేపదే తొక్కి వదలవద్దు. అలా తొక్కినప్పుడల్లా మరికొంత పెట్రోలు లోపలికి చిమ్ముతుంది. సెల్ఫును ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పకండి. మధ్యలో అర నిమిషమైనా దానికి విశ్రాంతి ఇవ్వండి.

చోకు గురించి ఒక్క మాట. అది చలికాలపు చుట్టం. అరకులో పుష్యమాసపు తెల్లవారుజామున పూర్తిగా లాగవలసి వస్తుందేమో గాని, విజయవాడలో మే నెల మధ్యాహ్నం దాని జోలికి పోవలసిన అవసరం లేదు. లాగిన చోకు లోపలికి నెట్టటం మరిచిపోయి ఊరంతా తిరిగి, బండి పెట్రోలు తాగేస్తున్నదని వాపోయేవారు వున్నారు.

వాసన లేకపోతే రవ్వను పరీక్షించాలి. ఒక ప్లగ్గు విప్పి, దాని తీగ దానికి తగిలించి, ప్లగ్గు లోహపు ఒళ్ళు ఇంజను లోహానికి ఆనేట్టు పడుకోబెట్టి, మరొకరిని సెల్ఫు కొట్టమనండి. నీలి తెలుపుగా, చిటపటమని దూకితే మంచి రవ్వ. పసుపుగా, ఎర్రగా, నీరసంగా వుంటే బలం చాలదు. ఇక్కడ మూడు జాగ్రత్తలు. ఆ తీగలో వేల వోల్టులు వుంటాయి కనుక వట్టి చేత్తో పట్టుకోరాదు. చుట్టుపక్కల పెట్రోలు కారి వున్నప్పుడు ఈ పరీక్ష చేయనే రాదు. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్న పెద్దలు ఆ దరిదాపులకు రాకూడదు.

విప్పిన ప్లగ్గు రంగు కూడా చూడండి. లేత గోధుమరంగులో వుంటే ఇంజను ఆరోగ్యంగా వున్నది. పొడిగా నల్లని మసి పట్టివుంటే పెట్రోలు పాలు ఎక్కువ. నూనె జిడ్డుగా వుంటే లోపలికి ఆయిలు వస్తున్నది. తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు చాలటం లేదు, లేదా వేడి మితిమీరుతున్నది.

రవ్వ లేకపోతే డిస్ట్రిబ్యూటరు మూత తియ్యండి. వానాకాలంలోను, బండి కడిగిన రోజున కూడా సగం తగువు అక్కడే వుంటుంది. లోపలి చెమ్మను పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మూతకు సన్నని బీటలున్నాయా, రోటరు మాడిందా చూడండి. తరువాత పాయింట్లు. అవి నల్లగా, గుంటలుపడి వుంటే రవ్వ సరిగా రాదు. పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటరు వుండాలి. మీ కారు పుస్తకంలోని కొలతే మీకు ప్రమాణం. పాయింట్లు తరచుగా మాడిపోతుంటే వాటిని మార్చి ఊరుకోకండి. వాటిని మాడ్చేది సాధారణంగా పక్కనే వున్న కండెన్సరు.

రవ్వ బాగుంటే ఇక పెట్రోలు. మొదట టాంకులో వున్నదో లేదో చూడండి. నవ్వకండి. పాత కారు పెట్రోలు ముల్లు చెప్పే మాట పంచాంగంలోని వానల జోస్యం లాంటిదే. పెట్రోలు వుంటే కార్బొరేటరు దగ్గర గొట్టం విప్పి సీసాలో పెట్టి, రవ్వ రాకుండా కాయిలు తీగ తీసేసి, సెల్ఫు కొట్టించండి. పంపు బాగుంటే ఆగి ఆగి బలంగా చిమ్ముతుంది. ఈ పని చల్లని ఇంజను మీదనే చెయ్యాలి. చిమ్మకపోతే ఫిల్టరు పూడిందో, పంపు లోపలి డయాఫ్రం చిరిగిందో, గొట్టం పగిలి గాలి పీలుస్తున్నదో అయి వుంటుంది. చిమ్ముతున్నా ఇంజను అందుకోకపోతే కార్బొరేటరు లోపలి జెట్‌లో నలుసు పడివుంటుంది. పూర్వం కిరసనాయిలు పంపు స్టవ్వుకు పిన్ను పెట్టి పొడిచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే జెట్‌ను పిన్నుతో పొడవకండి, కన్నం పెద్దదవుతుంది. గాలితో వూదించాలి.

ఎలా ఆగింది?

నడుస్తూ నడుస్తూ ఆగిపోయే బండి, ఆగిన తీరులోనే రోగం చెప్పేస్తుంది. దీపం ఆర్పినట్టు టప్పున ఆగితే చాలావరకు కరెంటు వైపు తప్పు. అంటే కాయిలు, కండెన్సరు, ఎక్కడో వదులైన తీగ, లేదా తాళం స్విచ్చి. గునిసి, దగ్గి, కుదుపులిచ్చి, కాసేపు లేచి మళ్ళీ పడి ఆగితే పెట్రోలు వైపు తప్పు. రోడ్డుమీద బాగానే పోతూ, సిగ్నలు దగ్గర కాలు తీయగానే ఆగితే "స్లో" కుదరలేదు. స్లో జెట్‌లో మురికో, కార్బొరేటరు కింద గాస్కెట్ గాలి పీలవటమో కారణం.

నలభై, యాభై కిలోమీటర్లు బాగా నడిచి తరువాత గునిసి ఆగే బండికి ఒక చిత్రమైన కారణం వుంటుంది. పెట్రోలు తగ్గినకొద్దీ టాంకులోకి గాలి రావాలి. టాంకు మూతలోని సన్నని కన్నం దుమ్ముతో పూడితే గాలి రాదు, పెట్రోలు కదలదు. ఆగిన వెంటనే మూత తిప్పి చూడండి. "సుయ్" మని గాలి లోపలికి పోతే దొంగ దొరికినట్టే. ఖర్చు ఒక గుడ్డముక్క.

మా ఎండలకు తగిన రోగం మరొకటి వున్నది. ఇంజను వేడికి పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగలు కట్టి దారి మూసేస్తుంది. పంపుమీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే బండి నడుస్తుంది. గొట్టం పొగగొట్టానికి దగ్గరగా పోతున్నదేమో చూసి దూరంగా జరిపించటం, రేడియేటరు సంగతి చూసుకోవటం దీనికి అసలు మందు.

సోదరి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు అంబాసిడర్ సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో రెండు మాటలు విలువైనవి. "టప్పున" అన్నారు, "అరగంట పోనిస్తే నడుస్తుంది" అన్నారు. గునిసి ఆగటం లేదు కనుక పెట్రోలు మీద కన్న కాయిలు మీద, కండెన్సరు మీద నాకు అనుమానం ఎక్కువ. కాయిలులో వెంట్రుకంత సన్నని తీగ వేల చుట్లు వుంటుంది. అందులో ఎక్కడైనా చిట్లితే వేడికి ఎడం విచ్చుకుంటుంది, చల్లారితే కలుస్తుంది. చల్లారిన తరువాత మెకానిక్కు దగ్గరకు తీసుకుపోతే ఆయనకు ఏ లోపమూ కనపడదు. ఆయనను తప్పుపట్టి లాభం లేదు. రోగి జ్వరం దిగాక వైద్యుడి దగ్గరకు పోయినట్టుంది.

కనుక పరీక్ష ఆగిన నిమిషంలోనే చెయ్యాలి. బండిని రోడ్డు పక్కకు తోయించి, రవ్వను చూడండి. ఆగినప్పుడు రవ్వ లేక, చల్లారాక రవ్వ వస్తే కాయిలుగాని, కండెన్సరుగాని నేరస్తుడు. ముందు కండెన్సరు మార్చి నాలుగు రోజులు తిరగండి, తగ్గకపోతే కాయిలు మార్చండి. ఇంజను విప్పే ఖర్చు ముందు ఈ రెంటి వెల చాలా స్వల్పం. ఆగినప్పుడు కూడా రవ్వ బాగా వస్తుంటే టాంకు మూత, తడిగుడ్డ పరీక్షలు చెయ్యండి. ఇంజను లోపలి అరుగుదల ఒకనాడు అరగంటలో వచ్చి, అరగంటలో పోయేది కాదు. ఇంజను విప్పటానికి మీరు రాసిన లక్షణాలలో ఒక్కటీ సాక్ష్యం చెప్పటం లేదు.

మామగారు అటు తిరిగి పడుకోవటానికి కారణం నేను చెప్పనక్కరలేదు. ఆయనను ఇటు తిప్పే ఉపాయం మాత్రం చెబుతాను. ఈ పరీక్షకు ఆయననే పెద్దగా పెట్టుకోండి. అన్నేళ్ళు ఆ బండి చప్పుడు విన్న చెవి మీ ఇంట్లో అదొక్కటే.

నిలవవున్న బండి, నేటి పెట్రోలు

2020లో లాక్‌డౌను రోజులలో నెలల తరబడి షెడ్డులో వున్న బళ్ళు ఎన్నో తరువాత స్టార్టు కాలేదు. నిలవవున్న పెట్రోలు పాడై, కార్బొరేటరులో జిగురు కడుతుంది. వారానికొకసారి వట్టినే స్టార్టు చేసి ఆపటం కన్న, అరగంట తిప్పి తీసుకురావటం మేలు.

ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా వచ్చింది. ఇథనాలు నీటిని పీలుస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను, డయాఫ్రంలను ఉబ్బించి మెత్తబరుస్తుంది. పాత బండి వున్నవారు పెట్రోలు దారిలోని రబ్బరు సామానంతా ఒకసారి చూపించుకుని, ఇథనాలుకు తట్టుకునే రకం వేయించుకోవాలి. ఇది స్టార్టయ్యే ప్రశ్న మాత్రమే కాదు. చిరిగిన గొట్టం వేడి ఇంజనుమీద పెట్రోలు చిమ్మితే బండే మండిపోతుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

మొరాయించే బండి విసిగిస్తుంది. ఆ విసుగులోనే ప్రమాదాలు జరుగుతాయి. కార్బొరేటరు నోట్లో పెట్రోలు పోసి సెల్ఫు కొట్టటం కొన్నిచోట్ల అలవాటు. ఇంజను వెనక్కు తన్నిందంటే మంట ముఖానికే వస్తుంది. నోటితో గొట్టం పీల్చి పెట్రోలు తియ్యటం మరొకటి. అది ఊపిరితిత్తులలోకి పోతే బతుకు ఆస్పత్రిపాలే. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపి చూడటం అన్నిటికన్న మోసం. ఆ పొగలోని విషవాయువుకు వాసన లేదు, మనిషి తెలియకుండానే ఒరిగిపోతాడు. పాత అంబాసిడరుకు హ్యాండిల్ వేసేవారు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే వుంచి, పైకి లాగాలి. వెనక్కు తన్నితే మణికట్టు విరుగుతుంది.

రైలు గేటు మీద బండి ఆగితే మొదట అందరినీ దింపి పట్టాలకు దూరంగా పంపండి, గేటు మనిషికి చెప్పండి. రైలు వచ్చే జాడ లేకపోతే మొదటి గేరు వేసి, క్లచ్చి వదిలి, సెల్ఫు కొడితే పాత బండి అంగుళం అంగుళంగా కదిలి పట్టాలు దాటుతుంది. రైలు వస్తుంటే మాత్రం బండిని దాని ఖర్మకు వదిలెయ్యండి.

అణా ఖర్చులేని పనిముట్టు

ఇక చివరి మాట. కారులో ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు వుంచండి. బండి మొరాయించినప్పుడల్లా తేదీ, వేళ, ఎంత దూరం నడిచాక ఆగింది, ఎలా ఆగింది, వేడిగా వున్నదా, టాంకులో ఎంత వున్నది, ఎంతసేపటికి మళ్ళీ నడిచింది అన్నవి రాయండి. మెకానిక్కుతో "బండి సరిగా లేదు" అని చెప్పకుండా ఆ పుస్తకం చేతికివ్వండి. ఒకసారికి ఒక్క సామానే మార్పించండి. రెండు మారిస్తే దేనివల్ల నయమైందో ఎప్పటికీ తెలియదు. తీసేసిన సామాను అడిగి ఇంటికి తెచ్చుకోండి. కొత్తది కూడా చెడ్డదై వుండవచ్చు, పాతది మంచిదే కావచ్చు.

వచ్చే వారం: రేడియేటరు నీళ్ళు ఎందుకు మరుగుతాయి?